అద్దకం తీరిక వేళ పనా?

స్త్రీలకు ఉపాధి అనగానే అందరికీ కుట్టుమిషను, పచ్చళ్ళు, విస్తరాకులు, అద్దకం గుర్తుకొస్తాయి. వాటి వెనకే ఒక మాట కూడా వస్తుంది: "ఇంటిపట్టునే ఉండి తీరిక వేళల్లో చేసుకోవచ్చు." ఏటూరునాగారం ప్రాంతంలో సంఘాల స్త్రీలతో కూర్చున్నప్పుడు ఈ మాట చాలాసార్లు నా చెవిన పడింది. నీళ్ళు, కట్టెలు, వంట, కూలి, అడవి అన్నీ అయ్యాక ఆ తీరిక ఎవరికి మిగులుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అసలు అద్దకం ఎంత పనో లెక్కేసి చూద్దాం. చీర అయిదున్నర మీటర్లు. రెండంగుళాల అచ్చుతో ఒక అంచు నింపాలంటే దాదాపు 110 సార్లు అద్దాలి. రెండంచులకు 220. రెండు రంగులైతే 440. కొంగు, బుటాలు ఇంకా లెక్కలోకి రాలేదు. ప్రతిసారీ అచ్చును రంగులో ముంచి, ముందు వేసినదాని పక్కనే గీత తప్పకుండా ఆనించి, పిడికిలితో గుద్దాలి. నడుం వంచే ఉండాలి. ఒక్క అచ్చు పక్కకు జరిగితే చీరంతా పాడైనట్టే. ఇంట్లో ఉన్నది ఒకటే గదైతే రంగుల గిన్నెల మధ్యే పసిపిల్లలు పాకుతుంటారు. ఇది తీరిక వేళ పనా?

కృష్ణా జిల్లా పెడన, మచిలీపట్నాల్లో ఇది తరాలనాటి వృత్తి. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో కలంకారీ అద్దుతారు. అంతకుముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రవం ఆ గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. పటికతో అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. ఆ కరక్కాయను అడవుల్లో ఏరేవారిలో ఎంతమంది గిరిజన స్త్రీలో మనకు తెలియనిది కాదు. చిన్న తరహా అటవీ ఉత్పత్తులను సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. అయినా మన స్త్రీ చేతిలో కరక్కాయ కిలోల లెక్కన అమ్ముడుపోయే సరుకుగానే మిగిలింది.

అచ్చు సంగతీ అంతే. బెండకాయను అడ్డంగా కోస్తే పువ్వు. ఆలుగడ్డ మీద కత్తిపీటతో కావలసిన ఆకారం కోసుకోవచ్చు, కాకపోతే అది ఒకటి రెండు రోజుల్లో మెత్తబడిపోతుంది. పాత హవాయి చెప్పు అట్టను కత్తిరించి చెక్కముక్కకు అంటిస్తే చాలాకాలం పనిచేస్తుంది. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. గుడ్డా, రంగూ, అచ్చూ అన్నీ తానే ఇచ్చి 'చీరకు ఇంత' అనే వ్యాపారి దగ్గర ఆమెకు మిగిలేది చెయ్యి ఒక్కటే. ధర మాట్లాడే నోరు ఎక్కడిది? అచ్చు తనదైతే, ఆ డిజైను కావాలనుకున్నవాడు ఆమెనే వెతుక్కుంటూ రావాలి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కోయల పడిగెల మీద ఉండేవి అలంకారం బొమ్మలు కావు, వాళ్ళ గోత్రాల చరిత్ర. 'ట్రైబల్ డిజైన్' పేరుతో వాటిని టేబుల్ క్లాతుల మీద వేయమని అడిగేవాళ్ళు వస్తారు. వేయాలో వద్దో ఆ గోత్రంవాళ్ళు తేల్చుకోవాలి. కొనేవాళ్ళూ కాదు, శిక్షణ ఇచ్చే మనమూ కాదు.

ఇంటి దగ్గర పనిచేసేవారూ కార్మికులేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. భారతదేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు. మన దేశంలో 2008 అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం ఇంటి దగ్గర పనిచేసేవారిని నిర్వచించింది గానీ, కూలి ఎంతో చెప్పలేదు. ఆ లెక్క మనమే మొదలుపెట్టాలి.

అందుకే అద్దకం శిక్షణ పెట్టదలచుకున్న మిత్రులను అడుగుతున్నాను. మొదటి రోజు అచ్చు కోయడం, రెండో రోజు ధర కట్టడం నేర్పండి. రంగులు కలపడం ఆ తర్వాత నేర్చుకోవచ్చు. చీరకు పట్టిన గంటలను స్థానిక కనీస వేతనంతో పోల్చి చూపండి. పాడైన గుడ్డ నష్టం ఎవరిదో ముందే మాట్లాడించండి. చదువు రానివాళ్ళు గంటకో గీత చొప్పున గోడ మీద బొగ్గుతో గీసుకున్నా చాలు.