కారులో మోగిన క్యాసెట్

నలభై దాటాక ఇంకేం కొత్త నేర్చుకుంటాం అని నిట్టూర్చేవాళ్లు పాల్ సైమన్ కథ ఒకసారి తెలుసుకోవాలి.

ఆర్ట్ గార్ఫంకెల్‌తో కలిసి అతను పాడిన పాటలు అరవైల్లో అమెరికాను ఊపేశాయి. ఆ జంట 1970లో విడిపోయింది. తర్వాత సొంతంగా రాసుకుని పాడుకునీ సైమన్ మంచి పేరే తెచ్చుకున్నాడు. కానీ 1983లో వచ్చిన ‘హార్ట్స్ అండ్ బోన్స్’ ఆల్బమ్ సరిగా అమ్ముడుపోలేదు. మరోపక్క పెళ్లీ విడాకులతో ముగిసింది. అలాంటి రోజుల్లో, తెలిసిన ఓ గాయని ఇచ్చిన క్యాసెట్‌ను కారులో పెట్టుకుని పదేపదే వినేవాడు. హార్మోనియంలా గాలితో పలికే అకార్డియన్, గిటార్, హుషారైన దరువు... ఎవరిదీ సంగీతం? ఆరా తీస్తే దక్షిణాఫ్రికా నల్లజాతి బస్తీలదని తేలింది!

1985 ఫిబ్రవరిలో సౌండ్ ఇంజినీర్ రాయ్ హేలీని వెంటబెట్టుకుని జొహానెస్‌బర్గ్ విమానమెక్కాడు. అంతవరకూ అతను ముందు పాట రాసుకుని, తర్వాత వాద్యాలు చేర్చేవాడు. ఇక్కడ వరస తిరగబడింది. రే ఫిరీ గిటార్, బకితి కుమాలో బేస్ గిటార్ పట్టుకుని వాయిస్తూ పోయారు, హేలీ టేపుల్లోకి ఎక్కించాడు. వాటిని న్యూయార్క్ తీసుకెళ్లి, వింటూ వింటూ మాటలు అల్లాడు సైమన్. ముందు బాణీ, ఆనక పాట అనేది మన సినిమా కవులకు అలవాటైన పనే. అతనికి మాత్రం మళ్లీ అక్షరాభ్యాసమే!

జోసెఫ్ షబలాల నడిపే లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందాన్ని లండన్ రప్పించి, వాద్యాల్లేకుండా కేవలం గొంతులతో ‘హోమ్‌లెస్’ పాట రికార్డు చేశారు. జులూ, ఇంగ్లిష్ భాషల్లో సాగే ఆ పాటను షబలాల, సైమన్ కలిసి రాశారు.

1986 ఆగస్టులో ‘గ్రేస్‌ల్యాండ్’ విడుదలైంది. కోటికి పైగా అమ్ముడైంది. మరుసటి ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం అందుకుంది.

అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికాతో కళాకారులెవరూ సంబంధాలు పెట్టుకోవద్దని 1980లోనే ఐక్యరాజ్యసమితి పిలుపునిచ్చింది. ఉద్యమకారులతో మాటైనా చెప్పకుండా వెళ్లాడని సైమన్‌పై విమర్శలు వెల్లువెత్తాయి. లండన్‌లో కచేరీ హాలు బయట తోటి గాయకులే నిరసన తెలిపారు. తాను ప్రభుత్వం కోసం పాడలేదనీ, అక్కడి నల్లజాతి సంగీతకారులే రమ్మన్నారనీ అతని సమాధానం. వారికి న్యూయార్క్ యూనియన్ రేటుకు మూడు రెట్లు చెల్లించాడు. కలిసి రాసిన పాటలకు వారి పేర్లూ వేశాడు. అయినా ఒక జాతి మొత్తం తలుపులు మూసి పోరాడుతున్నప్పుడు, ఒక్కడి కోసం ఆ తలుపు తెరవొచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే.

1987 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా పొరుగునే ఉన్న జింబాబ్వే రాజధాని హరారేలో ‘గ్రేస్‌ల్యాండ్’ కచేరీ జరిగింది. సొంతగడ్డకు దూరంగా ఏళ్ల తరబడి ప్రవాసంలో ఉన్న మిరియమ్ మకేబా, హ్యూ మసెకెలా సైమన్ పక్కన నిలబడి పాడారు. దేశం కోసం అంత పోగొట్టుకున్నవాళ్లూ అతని వెంట ఉన్నారు, ఎదురుగా నిలబడిన వాళ్లలోనూ అలాంటివాళ్లు ఉన్నారు.

ఆల్బమ్‌కు పాతికేళ్లయిన సందర్భంగా సైమన్ మళ్లీ జొహానెస్‌బర్గ్ వెళ్లాడు. ‘ఆర్టిస్ట్స్ అగైనెస్ట్ అపార్థీడ్’ సంస్థను స్థాపించి, అప్పట్లో అతణ్ని గట్టిగా వ్యతిరేకించిన డాలీ టాంబోతో ఎదురెదురుగా కూర్చున్నాడు. ఎవరి వాదన వారు వినిపించారు. చివరికి ఇద్దరూ ఆలింగనం చేసుకున్నారు. 2012లో వచ్చిన ‘అండర్ ఆఫ్రికన్ స్కైస్’ డాక్యుమెంటరీలో ఆ దృశ్యం ఉంది.

కొత్త బాణీ నేర్చుకోవడానికి సైమన్‌కు ఏడాదిన్నర పట్టింది. అవతలివాళ్ల మాట కూర్చుని వినడానికి పాతికేళ్లు!