ఆ నాటికను ఆడనివ్వండి

తెలంగాణ ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు,



కాలేజీ పిల్లల చేత నాటికలు వేయించే పనిలో ఉన్న మనిషిని. మీ పరిధిలోని కళాశాలల్లో ఒక తరహా నాటిక స్టేజీ దాకా రాకుండానే ఆగిపోతోంది. లైంగిక దాడికి గురైన అమ్మాయిని మర్నాటి నుంచి లోకం మాటలతో ఎలా పొడుస్తుందో చెప్పే నాటిక అది. దాన్ని ఎవరూ కాగితం మీద నిషేధించరు. “ఈ ఏడాదికి వద్దులే అమ్మా” అంటారు. “పేరెంట్స్ వస్తారు, ఏం బాగుంటుంది?” అంటారు. “సబ్జెక్టు మంచిదే, కానీ కాలేజీ డేకి కాదు” అంటారు. మరెప్పుడో మాత్రం చెప్పరు. అందుకే మీకు నేరుగా, నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

ఒక జిల్లా కేంద్రంలోని కాలేజీ. పేరు అనవసరం. డిగ్రీ రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లలు కలిసి రాసుకున్న నాటిక. ఫేర్‌వెల్ పార్టీ నుంచి హాస్టల్‌కి తిరిగొస్తున్న ఒక అమ్మాయిపై తోటి విద్యార్థులే దాడి చేస్తారు. నాటికలో ఆ దాడి ఎక్కడా కనిపించదు. తెర లేచేసరికి మర్నాడు పొద్దున, హాస్టల్ మెస్. ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని క్యూలో నిలబడ్డవాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ అమ్మాయి బెంచీ చివర కూర్చుని ఉంటుంది. అరగంట నాటికలో ఆమె మాట్లాడేది చాలా తక్కువ. మిగతాదంతా చుట్టూ ఉన్నవాళ్ల మాటలే. క్లాసులో, బస్టాపులో, వాట్సాప్ గ్రూపులో, చివరికి సొంత ఇంటి వరండాలో.

పెదనాన్న పాత్ర ఒక కుర్రాడికి ఇచ్చారు. అతని డైలాగు, “అంత రాత్రి దాకా అక్కడ దానికేం పని?” మొదట్లో అతను దాన్ని సినిమా విలన్‌లాగా గొంతు పెంచి, కళ్లు ఉరిమి చెప్పేవాడు. రిహార్సల్ చూస్తున్న పిల్లలు నవ్వేవాళ్లు. ఒకరోజు నాటిక రాసిన అమ్మాయి లేచి, “మా పెదనాన్న ఇలా అరవడురా. కాఫీ తాగుతూ అంటాడు. నామీద ప్రేమతోనే అంటాడు. అట్లా చెప్పు” అంది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి చేతికి స్టీలు గ్లాసు ఇచ్చింది. అతను గ్లాసులోకి చూస్తూ, గొంతు తగ్గించి, నింపాదిగా అన్నాడు ఆ మాట. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి అతనే తలెత్తి, “ఈ మాట నేను మా అక్కతో అన్నాను, ఇంట్లో” అన్నాడు.

ఆ నాటిక విలువంతా అక్కడుంది. దాడి చేసినవాణ్ణి తిట్టడానికి మనకు నాటకం అక్కర్లేదు, ఆ పని అందరం చేస్తాం. “ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే” అని కూతురికి బుద్ధి చెప్పే తల్లి చెడ్డది కాదు. “నిప్పు లేనిదే పొగ రాదు” అనే పక్కింటావిడకు ఆ పిల్ల మీద కక్షేమీ లేదు. “అది ముందునుంచీ అంతే” అనే క్లాస్‌మేట్ రేపు పొద్దున అదే పిల్ల దగ్గర నోట్స్ అడిగి తీసుకుంటుంది. అయినా ఈ మాటలన్నీ కలిసి ఆ పిల్ల నోరు నొక్కేస్తాయి. ఫిర్యాదు ఇవ్వనివ్వవు. ఇచ్చినా చివరిదాకా నిలబడనివ్వవు. చదువు మాన్పిస్తాయి, హడావిడిగా ఏదో సంబంధం చూసి పంపించేస్తాయి. మన నోటి మాటను మన చెవులకు వినిపించడం ఉపన్యాసం వల్ల కాదు, గోడ మీద పోస్టరు వల్ల కాదు. నాటకం వల్ల అవుతుంది.

ప్రదర్శనకు రెండు రోజుల ముందు అనుమతి వెనక్కి తీసుకున్నారు. చెప్పిన కారణం అసభ్యత. స్క్రిప్టులో ఒక్క బూతు లేదు. ఒకరి మీద ఒకరు చెయ్యి వేసే సన్నివేశం లేదు. అదే కాలేజీ డే నాడు, అదే స్టేజీ మీద ఒక స్కిట్ వేశారు. లావుగా ఉన్న అమ్మాయిని, నల్లగా ఉన్న అమ్మాయిని, ఇద్దరు అబ్బాయిలతో మాట్లాడే అమ్మాయిని వరసగా వెక్కిరించే స్కిట్. దానికి అనుమతి ఇచ్చినవాళ్లే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆడపిల్లను ఎగతాళి చేస్తే వినోదం, ఆ ఎగతాళి ఆమెను ఏం చేస్తుందో చూపిస్తే అసభ్యత. ఈ కొలమానం తప్పు, దీన్ని మార్చే అధికారం మీకుంది. భారత విశ్వవిద్యాలయాల సంఘం జరిపే యువజనోత్సవాల్లో స్కిట్, ఏకాంకిక పోటీలు ఉంటాయి. అసభ్యత కూడదన్న నియమం అక్కడా ఉంది, ఉండాలి కూడా. ఆ నియమం పట్టుకోవలసింది ఆ స్కిట్‌ని.

ఇబ్బందిపెట్టే నాటకం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడినప్పుడు, పసిపిల్లల్ని ముసలివాళ్లకు అమ్ముకునే ఆచారం ఆ చుట్టుపక్కల కళ్లెదుటే నడుస్తోంది. దాన్ని పెద్దమనుషుల ముందే రంగం ఎక్కించారు గురజాడ. మహారాజా ఆనంద గజపతి అండ ఆ నాటకానికి ఉంది. ఆయన విశాఖపట్నం జిల్లాలో అలాంటి పెళ్లిళ్ల లెక్కలు కూడా తీయించారు. అండ నిలిచింది కాబట్టి ఆ నాటకం నిలిచింది. ఇవాళ కాలేజీ పిల్లలకు కావలసింది అటువంటి అండే.

నింద గురించి కూడా మన గడ్డ మీద జరిగినదే చెబుతాను. 1978లో హైదరాబాద్‌లో, సినిమా చూసి భర్తతో తిరిగొస్తున్న ఒక పేద మహిళపై నల్లకుంట పోలీసు స్టేషన్‌లో పోలీసులు అత్యాచారం చేశారు. రిక్షా తొక్కి బతికే ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. ఆ కమిషన్ ముందు పోలీసుల వైపు నుంచి గట్టిగా వినిపించిన వాదన ఏమిటంటే, ఆమె నడవడిక మంచిది కాదని. కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. అయినా కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకు మారి, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. భర్త పోయి, న్యాయం అందక, ఆమెకు మిగిలింది ఆ నింద.

అదే ఏడాది సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెందిన ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారం కేసులో ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఆమె ప్రతిఘటించలేదన్నది ఆ తీర్పు చెప్పిన కారణాల్లో ఒకటి. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో అత్యాచార చట్టం మారింది. విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవాళ్లు నోరు విప్పడం వల్ల అంత పని జరిగింది. పిల్లల నాటికకు మనం హాలు ఇవ్వలేమా?

ఆ తర్వాత చట్టం చాలా దూరం వచ్చింది. బాధితురాలి శీలాన్ని కోర్టులో ప్రశ్నించడానికి వీలిచ్చిన సాక్ష్య చట్టం నిబంధనను 2002 నాటి సవరణ చట్టం తీసేసింది. సమ్మతి విషయం తేల్చడానికి ఆమె గత లైంగిక జీవితంతో పనిలేదని 2013లో చేర్చారు. అత్యాచార బాధితురాలికి రెండు వేళ్ల వైద్య పరీక్ష చేసినవాళ్లు తప్పు చేసినట్టేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆడవాళ్ల గురించి పాతుకుపోయిన అపోహలు తీర్పుల్లోకి రాకుండా 2023లో న్యాయమూర్తుల కోసం ఒక కరదీపికే విడుదల చేసింది. కోర్టు బయటికి గెంటిన ప్రశ్న ఇప్పుడు హాస్టల్ మెస్‌లో, స్టాఫ్ రూమ్‌లో, ఇంటి వరండాలో కూర్చుంది. అక్కడికి చట్టం వెళ్లలేదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో నమోదైన అత్యాచార కేసులు 31,516. నిందితుల్లో నూటికి తొంభైకి పైగా బాధితులకు తెలిసినవాళ్లే. తెలిసినవాడి మీద ఫిర్యాదు అంటే, తెలిసినవాళ్లందరి నోళ్లకూ ఎదురు నిలబడటమే.

ప్రిన్సిపాళ్ల భయం నాకు తెలుసు. ఒక నాయకుడి ఫోను వస్తుంది, ఒక విద్యార్థి సంఘం గేటు ముందు కూర్చుంటుంది, ఎవరో వీడియో తీసి ముక్క కత్తిరించి పెడతారు. 2016 సెప్టెంబరులో హర్యానా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, కొద్ది వారాల ముందే కన్నుమూసిన బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవికి నివాళిగా ఆమె ‘ద్రౌపది’ కథను నాటకంగా ఆడారు. సైనికాధికారి ఆజ్ఞతో అత్యాచారానికి గురైన సంతాల్ మహిళ, సిగ్గుపడటానికి నిరాకరించి అతని ఎదుట నిలబడే కథ అది. సైన్యాన్ని అవమానించారని గొడవ జరిగింది. చివరికి విచారణ ఎదుర్కొన్నది నాటకం వేయించిన ఇంగ్లీషు శాఖ అధ్యాపకులు. అలాంటి వార్త చదివిన ఏ లెక్చరరైనా మర్నాడు పిల్లల స్క్రిప్టును సొరుగులో పెట్టేస్తాడు. అతన్ని పిరికివాడని నేననను. అతని వెనక ఎవరూ లేరు, అంతే. ఆ లెక్చరర్ వెనక మీరు ఉండాలి.

ఏ నాటకమైనా ఎలాగైనా ఆడేయవచ్చని నేను చెప్పడం లేదు. ఈ విషయం మీద నాటిక వేయాలంటే మామూలు నాటికకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. దాడిని స్టేజీ మీద చూపించకూడదు. అది చూసి ప్రేక్షకుడికి కొత్తగా తెలిసేది లేదు, హాల్లో ఉన్న బాధితురాలికి మాత్రం నరకం. న్యూయార్క్‌లో 2013లో కేటీ కాపియెల్లో, మెగ్ మెకినర్నీ టీనేజీ ఆడపిల్లలతో కలిసి తయారుచేసిన ‘స్లట్’ నాటకంలో పదహారేళ్ల అమ్మాయి జరిగినది వాంగ్మూలంగా చెబుతుంది. దాడి కంటికి కనిపించదు. చుట్టూ స్నేహితుల మాటలు నడుస్తుంటాయి. మన పిల్లలు ఆ నాటకం చూడకుండానే తమంతట తాము అదే దారి పట్టారు. నిజమైన కేసులోని అమ్మాయి పేరు, ఊరు, కులం గుర్తుపట్టేలా రాయకూడదు, చట్టం కూడా ఒప్పుకోదు. తనకు ఇలాంటిది జరిగిన పిల్ల నటుల్లో ఉండవచ్చు. ఏ రోజైనా, కారణం చెప్పకుండా పాత్ర వదిలేసే హక్కు ఆమెకు ఉండాలి. ఆ పాత్ర నేర్చుకున్న ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉండాలి. నాటిక దేని గురించో తెర లేవక ముందే ప్రకటించాలి. లేచి వెళ్లాలనుకున్నవాళ్లకు పక్క తలుపు తెరిచి ఉంచాలి. ఫోన్లలో రికార్డింగు ఆపించాలి. నాటిక అయిపోగానే కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీలోని మేడమ్ అక్కడే ఉండి తన నంబరు చెప్పాలి. ఈ నాటిక చూశాక ఒక్క పిల్లయినా మాట్లాడాలనుకుంటుంది. అప్పుడు వినడానికి మనిషి లేకపోతే నాటిక వేయకపోవడమే మంచిది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. నాటికలో ఆ పాత్ర వేసిన అమ్మాయికే మర్నాటి నుంచి ఆ పేరు అంటుకుంటుంది. “అట్లాంటి వేషం వేసిందంటే...” అని మొదలుపెడతారు. నాటిక ఏ మాటల గురించి చెబుతోందో అవే మాటలు బయట ఆమె మీదికొస్తాయి. అందుకే పిల్లల్ని స్టేజీ ఎక్కించి చేతులు దులుపుకోవడం కుదరదు. ప్రిన్సిపాల్ స్టేజీ మీదికి వచ్చి, ఈ నాటిక మా కాలేజీది, ఈ పిల్లలు మా పిల్లలు అని నటుల పక్కన నిలబడి చెప్పాలి. ఆ రెండు మాటలకు ఉండే బరువు ఏ సర్టిఫికెట్టుకూ ఉండదు.

ఇందుకు కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ తెచ్చిన 2015 నిబంధనలు విద్యార్థులకు అవగాహన కల్పించే బాధ్యతను విద్యాసంస్థల మీదే పెట్టాయి. హైదరాబాద్ జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజినీరింగ్ కాలేజీల్లో జెండర్ సెన్సిటైజేషన్ ఒక కోర్సుగా చెబుతున్నారు. దానికి అన్వేషి మహిళా అధ్యయన బృందం రాసిన పాఠ్యపుస్తకం తెలుగులోనూ ఉంది. తరగతిలో చదవదగ్గ విషయం అయినప్పుడు స్టేజీ మీద ఆడదగ్గ విషయం ఎందుకు కాదు? పుస్తకం పరీక్ష దాకా వస్తుంది. పెదనాన్న పాత్ర వేసిన ఆ కుర్రాడికి తగిలినట్టు తగలాలంటే తన నోటితో తాను అనాలి.

నా విన్నపం ఇది. లైంగిక హింస, దాని వెంట వచ్చే నిందల మీద విద్యార్థులు వేసే నాటికలను విషయం పేరు చెప్పి ఆపకూడదని మీ రెండు మండళ్లూ విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు ఉత్తర్వు పంపాలి. ఏదైనా నాటికకు అనుమతి నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా, కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. నాటిక వేయించిన అధ్యాపకుల మీద బయటి ఒత్తిడితో విచారణలు పెట్టకూడదు. పైన రాసిన జాగ్రత్తలను ఆ ఉత్తర్వులోనే చేర్చండి. వాటిలో లోపాలుంటే రంగస్థల శాఖల అధ్యాపకులను, కౌన్సెలర్లను పిలిచి సరిదిద్దించండి. ఈ విద్యా సంవత్సరం యువజనోత్సవాలకు ఎంట్రీలు పిలవకముందే ఈ ఉత్తర్వు ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీదికి చేరేలా చూడండి.

భవదీయ,
ఒక నాటక కార్యకర్త