తితిక్ష తనకు, దయ పరులకు

కొంతకాలం క్రితం ఒక సత్సంగంలో కన్నులారా చూచిన సంఘటన ఇది. పదేళ్లుగా నడుము నొప్పితో బాధపడుతున్న ఒక మాతృమూర్తి, నేలపై కూర్చోలేక, గోడవారగా కుర్చీ వేసుకుని పారాయణ వింటున్నారు. ప్రక్కనున్న సాధకుడొకరు సద్భావంతోనే, "అమ్మా, ఇది ప్రారబ్ధం. మందులతో తీరేది కాదు. అనుభవించి తీర్చుకోవలసినదే" అన్నారు. ఆమె తల వంచుకున్నారు. ఆ తరువాతి వారం నుండి ఆమె రాలేదు.

ఆ మాటలో శాస్త్రమెంత, నిర్దయ ఎంత అన్న ప్రశ్న నన్ను నాటి నుండి వెంటాడుతూనే ఉన్నది. ప్రారబ్ధ సిద్ధాంతాన్ని నేను కాదనడం లేదు. అయితే ప్రారబ్ధవశాన వ్యాధి వచ్చినదంటే, ప్రారబ్ధవశానే వైద్యుడూ ఔషధమూ లభించాయని ఎందుకు అనుకోకూడదు? కర్మఫలం వ్యాధిలోనే ఉన్నదనీ, చికిత్సలో లేదనీ నిర్ణయించే అధికారం మనకెవరిచ్చారు?

ముందుగా నొప్పి అంటే ఏమిటో వైద్యశాస్త్రం చెప్పే మాట విందాం. అంతర్జాతీయ వేదనా అధ్యయన సంఘం 1979లో ఒక నిర్వచనమిచ్చి, 2020లో దానిని సవరించింది. దాని సారాంశం ఇది: నొప్పి కేవలం శరీరానికి కలిగిన గాయం కాదు, అది ఇంద్రియగతమూ భావగతమూ అయిన ఒక అప్రియానుభవం. నాడులలో జరిగే స్పందన వేరు, నొప్పి అనే అనుభవం వేరు. కనుక నొప్పిగా ఉన్నదని ఒకరు చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించవలెనని కూడా ఆ సంఘం స్పష్టం చేసింది. మూడు నెలలకు మించి కొనసాగే నొప్పిని దీర్ఘకాలిక వేదనగా పరిగణిస్తారు. గాయం మానిన తరువాత కూడా అది నిలిచి ఉండవచ్చు. "పరీక్షల్లో ఏమీ కనబడలేదు కదా, ఇదంతా మీ భ్రమ" అనడం, కనుక, వైద్యదృష్టిలోనే అసంగతం.

మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1965లో ద్వార సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వెన్నుపాములో ఒక ద్వారం వంటి వ్యవస్థ ఉన్నదనీ, మెదడు నుండి దిగివచ్చే సంకేతాలు కూడా ఆ ద్వారాన్ని తెరవడానికో మూయడానికో కారణమవుతాయనీ దాని భావం. సూక్ష్మాంశాలలో తరువాత మార్పులు వచ్చినా, నొప్పి దేహం నుండి మనస్సుకు ఏకముఖంగా ప్రవహించేది కాదన్న మూలభావన నిలిచింది. ఇది చదివి "మన ఋషులు ఎప్పుడో చెప్పారు" అని తొందరపడి అనను. వారి విచారణ దుఃఖమూలాన్ని గూర్చినది; వీరి విచారణ నాడీవ్యాపారాన్ని గూర్చినది. రెండింటినీ కలిపివేస్తే రెండింటికీ అన్యాయమే.

అయితే ఒక విషయంలో మాత్రం మన సంప్రదాయానికీ వైద్యపరిశోధనకూ నిజమైన బంధుత్వమున్నది. అది ప్రమాణవిచారం. కాకి వాలగానే తాటిపండు పడితే, కాకి వల్లనే పడినదనుకోవడాన్ని కాకతాళీయమని మనవారు ఏనాడో పరిహసించారు. దీర్ఘకాలిక వేదన సహజంగానే ఎక్కువ తక్కువలవుతూ ఉంటుంది. మిక్కిలి బాధించిన దినాన మనం వైద్యుని వద్దకో స్వాముల వద్దకో వెళ్తాము. అటుపై అది తనంత తానే కొంత తగ్గినా, ఆ కీర్తి చివరగా తీసుకున్న తైలానికో, కట్టుకున్న తాయెత్తుకో దక్కుతుంది. ఈ భ్రాంతిని తొలగించడానికే పరిశోధకులు రోగులను యాదృచ్ఛికంగా వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి చికిత్సనిచ్చి, మరొక వర్గానికి ఇవ్వక పోల్చి చూస్తారు. కారణముంటే కార్యముండడం, కారణం లేకుంటే కార్యం లేకపోవడం: ఇది మనమెరిగిన అన్వయ వ్యతిరేక పరీక్షయే కదా!

ఈ పరీక్ష ఎవరి గర్వాన్నీ ఉపేక్షించదు. మోకాలి కీళ్ల అరుగుదలకు చేసే ఒక శస్త్రచికిత్సను అమెరికాలో 180 మందిపై పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి నిజమైన చికిత్స చేశారు. కొందరికి చర్మంపై కోతలు మాత్రమే పెట్టి కుట్లు వేశారు. రెండేళ్ల పాటు చూచినా, నిజమైన చికిత్స పొందినవారికి అధిక ప్రయోజనమేదీ కనబడలేదు. 2018లో వెలువడిన మరొక పరిశోధనలో, నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిని ఏడాది పాటు పరిశీలించగా, నల్లమందు జాతికి చెందిన మందులు తక్కిన మందులకంటే మేలేమీ చేయలేదని తేలింది. వైద్యశాస్త్రం తన ప్రియమైన పద్ధతులను తానే తూకం వేసి, తేలిపోయినవాటిని బహిరంగంగా ఒప్పుకున్నది. ఇది సత్యనిష్ఠ. దీనిని మనం గౌరవించాలి.

ఇక అదే తులలో మన ధ్యానయోగాలను ఉంచితే ఏమి తేలింది? 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్ జిన్ బౌద్ధధ్యానాన్నీ హఠయోగాన్నీ ఆధారం చేసుకుని ఒక శిక్షణను ప్రారంభించారు. దానిని నడుము నొప్పి గల 342 మందిపై పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల నాటికి ధ్యానశిక్షణ పొందినవారిలో సుమారు 61 శాతం మందికి దైనందిన కార్యాలలో గణనీయమైన మెరుగు కనిపించింది. సాధారణ చికిత్సతోనే ఉన్నవారిలో ఇది 44 శాతం.

ఇక్కడ ఆగి జయధ్వానం చేయడం సులభం. కానీ అదే పరిశోధనలో, ఆలోచనా సరళిని సవరించే మానసిక చికిత్స పొందినవారిలోనూ 58 శాతం మంది మెరుగయ్యారు. అంతకుముందు 2011లో 228 మందిపై జరిగిన పరిశోధనలో యోగాసనాలు నడుము నొప్పికి మేలు చేశాయి. సాధారణమైన సాగదీత వ్యాయామాలు కూడా దాదాపు అంతే మేలు చేశాయి. మొదటి సంఖ్యను చాటి రెండవదానిని దాచేవారు సత్యాన్ని సేవించడం లేదు. నా అభిప్రాయంలో ఇందులో చిన్నబోవలసినదేమీ లేదు. యోగం పరమప్రయోజనం చిత్తవృత్తి నిరోధం. నడుము నొప్పి తగ్గడం దాని ఆనుషంగిక ఫలం మాత్రమే. ఆ ఫలం కొరకే యోగాన్ని కీర్తించేవారు దానిని గొప్పచేయడం లేదు, చిన్నబుచ్చుతున్నారు.

ఇక ఒక పూర్వపక్షం. "చింతావిలాపాలు లేక, ప్రతీకారం కోరక, దుఃఖాలను సహించడమే తితిక్ష అని వివేకచూడామణి బోధిస్తుంది కదా! మరి చికిత్స చేయించుకోవడం సాధనకు విరుద్ధం కాదా?" అని సాధకులు అడుగవచ్చు. ప్రశ్న సమంజసమే. సమాధానం ఆ లక్షణంలోనే ఉన్నది. ప్రతీకారం లేకపోవడంతో పాటు చింతా విలాపాలు లేకపోవడమూ అక్కడ అవసరం. మందు మానివేసి, రాత్రంతా నిద్రలేక, నొప్పినే ధ్యానిస్తూ గడిపేవారికి తితిక్ష సిద్ధించినదా? వారి చిత్తం ఆత్మయందు లేదు, నడుమునందు ఉన్నది. పైగా తితిక్ష ముముక్షువు స్వేచ్ఛగా స్వీకరించే సంపత్తి. ఇతరులపై విధించే శిక్ష కాదు. భగవాన్ రమణులకు 1949లో చేతిపై కణితికి పలుమార్లు శస్త్రచికిత్స జరిగింది. దేహాత్మభావం తొలగిన ఆ మహాత్ముడే వైద్యులను తమ పని తాము చేయనిచ్చారు. మనకు అంతకంటే అధిక వైరాగ్యమున్నదా?

చరకసంహిత చికిత్సను మూడు విధాలుగా చెప్పింది: దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం. జపహోమాదులు, ఆహారౌషధాలు, మనోనిగ్రహం అన్నమాట. ఈ మూటినీ ప్రక్క ప్రక్కనే నిలిపినదే తప్ప, ఒకటి ఉంటే మరొకటి అక్కరలేదనలేదు. జపం చేసుకునేవారు వైద్యుడిచ్చిన మందును మానవలసిన పని లేదు. మందు తీసుకునేవారు జపానికి అనర్హులూ కారు.

కనుక సాటి సాధకులకు నా విన్నపం ఒక్కటే. మీ నొప్పి వచ్చినప్పుడు ప్రారబ్ధమని తలచండి. ఆ భావన మీకు బలమిస్తుంది. పరుల నొప్పిని చూచినప్పుడు మాత్రం ఆ మాట నోట రానీయకండి. వారు చెప్పినది నమ్మండి. కూర్చోవడానికి ఆసనమివ్వండి. వైద్యుని వద్దకు తోడు వెళ్లండి. తాపత్రయం శమించాలనే మనం శాంతిమంత్రాన్ని ముమ్మారు పలుకుతాము. అందులో ఆధ్యాత్మిక తాపమంటే మన దేహంలోనూ మనస్సులోనూ పుట్టే బాధ. అది శమించవలెనని మంత్రం ప్రార్థిస్తుండగా, సహించి తీరవలెనని మనం ఒకరిని శాసించడం ఏ ధర్మం?

ఆ మాతృమూర్తి కుర్చీ ఉన్న చోటు నేటికీ ఖాళీగానే ఉన్నది. ఆమె తిరిగి వస్తే, ముందుగా క్షమాపణ కోరవలసినవారిలో ఆనాడు విని మౌనంగా ఉన్న నేనూ ఉన్నాను.

ఓం శాంతిః శాంతిః శాంతిః