తుపాకి కంటే ముందు పెట్టె

బెంగళూరులో ఇంటి స్థలం అనగానే అందరి నోటా వచ్చే కొలత 30×40. ఆ 40 అడుగుల పొడవులో చుట్టూ వదలాల్సిన జాగా పోను, డాబా మీద మిగిలేది 33 అడుగులకు అటూ ఇటూ. ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ పోటీల దూరం 10 మీటర్లు, అంటే దాదాపు అదే 33 అడుగులు. ఎయిర్‌గన్ కొన్న కుర్రాడి చూపు ముందుగా మేడ మీదికి పోవడంలో వింతేమీ లేదు. చిక్కంతా ఎత్తులో ఉంది. పోటీ నిబంధనల ప్రకారం టార్గెట్ నడిమి చుక్క నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున ఉండాలి. మన పిట్టగోడలు చాలావరకు మూడు, మూడున్నర అడుగులే. గురి తప్పిన పెల్లెట్ పిట్టగోడను దాటి, పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న మనిషి ముఖం ఎత్తులో పోతుంది.

2016 ఆయుధ నియమాల ప్రకారం, శక్తి 20 జౌళ్ళకూ గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకూ మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు కార్డు, చిరునామా చూపిస్తే దుకాణంలో చేతికిస్తారు. పోటీల్లో వాడే రైఫిల్ అర గ్రాము పైచిలుకు సీసపు పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వదులుతుంది. లెక్క కడితే ఏడున్నర జౌళ్ళు. లైసెన్సు లేకుండా దొరికే స్ప్రింగు తుపాకుల్లో దీనికి రెట్టింపు శక్తి ఉన్నవీ ఉన్నాయి. ఆటబొమ్మే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. కన్ను పోవడానికి ఆ ఏడున్నర జౌళ్ళు కూడా అక్కర్లేదు.

అలాగని ఎయిర్‌గన్‌ను ఇంటి గడప తొక్కనివ్వకూడదనడం అన్యాయం. 1997లో తండ్రి కొనిచ్చిన ఎయిర్ పిస్టల్‌తో గగన్ నారంగ్ సాధన మొదలుపెట్టింది హైదరాబాద్ బేగంపేటలోని సొంత ఇంటి పెరట్లోనే. 2012లో లండన్‌లో ఆయన కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కోసం తండ్రి ఇంట్లోనే కాగితపు టార్గెట్లతో రేంజ్ ఏర్పాటు చేశారు. 13 ఏళ్ళకే 2018లో ఆమె జాతీయ ఛాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. బెంగళూరు వాడైన ప్రకాశ్ నంజప్ప కెనడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుని వచ్చి పిస్టల్ పట్టి, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం అందుకున్నారు. ఆయన తండ్రి పాపన్న కూడా షూటరే. మంచి రేంజ్‌కు రోజూ పోయి రాగలిగే తీరిక, ఫీజు కట్టగలిగే స్తోమత ఎన్ని కుటుంబాలకు ఉంటాయి? ఇంట్లో సాధన ఈ ఆటకు ఊపిరి. అది నిలవాలంటే పెల్లెట్ ఎక్కడ ఆగుతుందో తేల్చాకే తుపాకి కొనాలి.

ఈ సంగతి జాతరల్లో బెలూన్ల దుకాణం పెట్టుకునే మనిషికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. బుడగల వెనక చెక్క, దాని వెనక మందపాటి గుడ్డ లేకుండా అతను తుపాకి ఎవరి చేతికీ ఇవ్వడు.

పెల్లెట్‌ను ఆపే పెట్టె కట్టడం పెద్ద విద్యేమీ కాదు. బెంగళూరు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల ఇనుప సామాన్ల దుకాణాల్లో మూడు మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ (ఎం.ఎస్.) షీటు ముక్క దొరుకుతుంది. వెల్డింగ్ షాపులో అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంతే లోతుతో ముందు వైపు తెరిచిన పెట్టె చేయించి, లోపల ఈ షీటును 45 డిగ్రీల వాలులో బిగించాలి. వాలు ఎటు అన్నదే కీలకం. షీటు పై అంచు కాల్చేవారి వైపు, కింది అంచు పెట్టె వెనక్కి ఉండాలి. అప్పుడు తగిలిన పెల్లెట్ చప్పిడిగా నలిగి కిందికి జారుతుంది. అడుగున రెండంగుళాల ఇసుక పోస్తే అక్కడే కూరుకుపోతుంది. ముందు భాగానికి అట్టపెట్టె ముక్క అంటించి, దానికే టార్గెట్ కాగితం క్లిప్పులతో పెడితే, చిట్లిన సీసపు రవ్వలు వెనక్కి రాకుండా ఆ అట్టే ఆపుతుంది. పిస్టల్ కాగితం 17 సెంటీమీటర్లే అయినా పెట్టె అడుగున్నర ఎందుకంటే, కొత్తవాళ్ళ గురి కాగితం మీదే ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి.

వెల్డింగ్ ఖర్చెందుకని ప్లైవుడ్ పెట్టెలో పాత బట్టలు కూరేవాళ్ళూ ఉన్నారు. చప్పుడు తక్కువ, అపార్ట్‌మెంట్లకు అదే మేలు. కాకపోతే దెబ్బలన్నీ ఒకేచోట పడిపడి గుడ్డ మధ్యలో గుంత పడుతుంది, దాని వెనక సీసం గడ్డ కడుతుంది. ఆ గడ్డకు తగిలిన పెల్లెట్ వెనక్కి తిరిగి రావచ్చు. తరచూ విప్పి, ఏరి, మళ్ళీ గట్టిగా కూరే ఓపిక లేనివాళ్ళు దీని జోలికి పోకపోవడం మంచిది. పెట్టె ఏదైనా ఉక్కు బీబీ గుండ్లు వాడకూడదు. అవి సీసంలా నలగవు, ఎగిరి వస్తాయి. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పెట్టె వెనక పిట్టగోడ కాదు, మెట్ల గది గోడ లాంటి నిండు గోడ ఉండాలి.

ఇక సీసం సంగతి. రోజుకు వంద పెల్లెట్లు కాల్చేవారి పెట్టెలో నెలకు కిలోన్నర పైనే పోగుపడుతుంది. అదే పెట్టె లేకపోతే డాబా అంతా చెదురుతుంది. వడియాలు, ఒరుగులు ఎండబెట్టేదీ ఆ డాబా మీదే. పైగా 1,200 చదరపు అడుగులు, ఆపైన ఉన్న స్థలంలో కొత్తగా కట్టే ఇంటికి వాననీటి సేకరణ తప్పనిసరని బెంగళూరులో 2009లో చట్టం వచ్చింది. 30×40 అంటే సరిగ్గా 1,200. చాలా ఇళ్ళలో ఆ డాబా నీరు సంపులోకే పోతుంది.

సీసం చేసే కీడు గురించి దేశాన్ని మేల్కొలిపిన ఊరు కూడా ఇదే. ఇక్కడి జార్జ్ ఫౌండేషన్ 1999లో వెలువరించిన అధ్యయనంలో, పెద్ద నగరాల్లో పరీక్షించిన పిల్లల్లో సగానికి పైగా రక్తంలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం కనబడింది. ఆ పనిలో ముందున్న సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆచార్యుడు తుప్పిల్ వెంకటేశ్‌కు సీసంపై పోరాటమే జీవితకాలపు పని అయింది. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పిల్లలకు ఇంత సీసం ఫరవాలేదన్న హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకని పెట్టెను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకూడదు. తడిగుడ్డతో తుడవాలి, సబ్బుతో చేతులు కడిగాకే అన్నం ముట్టాలి. పోగైన సీసాన్ని ఇంట్లో కరిగించే పని అసలే వద్దు. మూత ఉన్న డబ్బాలో దాచి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకు ఇవ్వాలి.

ఇంత ఉన్నా తుపాకి అమ్మే దుకాణంలో పెట్టె మాట ఎత్తే రివాజు లేదు. చట్టం చూసేది తుపాకి శక్తినీ, గొట్టం వ్యాసాన్నీ, కొనేవారి గుర్తింపునూ. పేరూ చిరునామా రాసుకునే రిజిస్టర్‌లో పెల్లెట్ ఎక్కడ ఆగుతుందన్న గడి ఒకటి చేర్చడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు. పెట్టె చూపనివారికి తుపాకి అమ్మకూడదు, లేదా తుపాకితో పాటే పెట్టెనూ అమ్మాలి. హెల్మెట్ లేకుండా బండి అమ్మకూడదన్న మాటను ఒప్పుకున్న మనం దీనికి అభ్యంతరం చెప్పలేం. వీధికుక్కల మీదా పావురాల మీదా గురి చూసేవారిని పెట్టె ఆపలేదు. దానికి 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉన్నాయి, పోలీసులు వాటిని వాడాలి. నిజంగా ఆట నేర్చుకునే పిల్లలను మాత్రం వాళ్ళతో ఒకే గాటన కట్టకూడదు.

ఇప్పటికే తుపాకి ఇంట్లో ఉన్నవాళ్ళు ఈ ఆదివారమే పెట్టెను పరీక్షించుకోవచ్చు. ఇసుక తీసేసి, అడుగున మెత్తటి గుడ్డ పరిచి, పది పెల్లెట్లు కాల్చి, తొడుగు వేసుకున్న చేతితో లోపల నలిగినవి లెక్కపెట్టాలి. ముక్కలైనవాటిని కలుపుకున్నా పదికి లెక్క తగ్గితే, ఆ తగ్గినది ఎటు పోయిందో తేలేదాకా పదకొండోది గొట్టంలో పెట్టకూడదు.