ఆ ప్యాకేజీ సరే... ఈ ప్యాకేజీ సంగతేంటి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ ఊళ్లో ఇంజినీరింగ్ ఫైనలియర్ విద్యార్థిని కదిపినా మాట ‘ప్యాకేజీ’ దగ్గరికే వస్తుంది. ఏడాదికి ఎన్ని లక్షలని! సాఫ్ట్‌వేర్‌లో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఆ రెండోదాన్ని పట్టుకుంటే మొదటిదానికి దారి దొరకొచ్చని నా నమ్మకం.

లినక్స్, ఫ్రీబీఎస్‌డీ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒక్క కమాండ్ కొడితే కావాల్సిన సాఫ్ట్‌వేర్ దిగిపోతుంది. అది దానంతట అదే సిద్ధం కాదు. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌ను ఆ సిస్టమ్‌కు సరిపోయేలా మార్చి, పరీక్షించి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అప్‌డేట్ చేసేవాళ్లుంటారు. వాళ్లే మెయింటెయినర్లు. మన మదనపల్లె టమోటా మార్కెట్‌నే చూడండి. పండించేది రైతు. మచ్చపడిన కాయలు ఏరేసి, క్రేట్లకెత్తి, లారీ ఎక్కించేవాళ్లు వేరు. ఏరేవాళ్లు లేకపోతే ఒక్క కుళ్లిన కాయ క్రేటంతా పాడుచేస్తుంది.

2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో అలాంటి కాయే చేరింది. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే చూసుకున్నారు. సాయం చేస్తానంటూ జియా టాన్ పేరుతో వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0 వెర్షన్‌లో దొంగదారి పెట్టాడు. రిమోట్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీసిన ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న గుట్టు బయటపెట్టారు. అప్పటికే అది డెబియన్, ఫెడోరాల పరీక్ష దశ వెర్షన్లలోకి వెళ్లిపోయింది. చూసే కళ్లు తక్కువైతే జరిగేది ఇదే.

మరి మీరేం చేయొచ్చు? ఫ్రీబీఎస్‌డీలో ప్యాకేజీలకు మూలమైన ‘పోర్టులు’ 30 వేలకు పైనే ఉన్నాయి. వాటిలో మెయింటెయినర్ లేనివీ ఉన్నాయి. మీరు వాడే చిన్నది ఒకటి ఎంచుకోండి. మేక్‌ఫైల్‌లో వెర్షన్ నంబర్ మార్చి, చెక్‌సమ్ కొత్తగా తీసి, బిల్డ్ చేసి చూసుకుని, బగ్‌జిల్లాలో ప్యాచ్ పంపాలి. అనుభవమున్నవాళ్లు తప్పులు చూపిస్తే సరిదిద్ది మళ్లీ పంపాలి. మామూలు ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ చాలు. ఫీజు లేదు. డెబియన్‌లోనూ ఇలా అనాథలైన ప్యాకేజీల జాబితా ఉంది.

‘జీతం రాని చాకిరీ మాకెందుకు?’ అంటారా? న్యాయమైన ప్రశ్నే. ఉద్యోగం గ్యారంటీ అని నేనూ చెప్పను. కానీ వేలు పోసి బెంగళూరులో తెచ్చుకున్న కోర్సు సర్టిఫికెట్ మీరు క్లాసులో కూర్చున్నారని మాత్రమే చెబుతుంది. ఏడాదిపాటు చూసుకున్న ప్యాకేజీలో మీరు చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కనిపిస్తుంది. డబ్బిచ్చి కొన్న మినీ ప్రాజెక్టుతో ఆ పని కాదు.

ఒక్క షరతు. రెజ్యూమేలో ఒక లైను కోసం తీసుకుని, తర్వాత గాలికొదిలేయొద్దు. మీ అప్‌డేట్ కోసం చూసేవాళ్లుంటారు. ఇద్దరు స్నేహితులు కలిసి ఒకటి తీసుకోండి. ఉద్యోగంలో చేరాక తీరిక లేకపోతే జూనియర్‌కు నేర్పి అప్పగించండి. అదీ కుదరకపోతే వదులుకుంటున్నామని తెలియజేయండి. కాలేజీలు కూడా ఈ పనిని ఇంటర్న్‌షిప్‌గా లెక్కగట్టి మార్కులివ్వాలి. అప్పుడు కొన్న ప్రాజెక్టులు కొన్నయినా తగ్గుతాయి.