గృహగణితము: రెండు చీట్ల సాక్ష్యము



మా పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపడిన యూరు. సంక్రాంతి సమీపించినంతనే యింటింట వెల్లవేయుట మొదలగును. మొన్న మా వీధిలో నా సున్నమే యత్తాకోడండ్ర నడుమ తగవు తెచ్చినది.

కోడలు నాలుగు బస్తాల సున్నమును, ఒక రంగు పొట్లమును తెచ్చి 1,085 రూపాయలైనదని చెప్పెను. చీటి లేదు. బస్తా 240 రూపాయలేయని యెవరో చెప్పగా విన్న యత్తగారు, "అట్లయిన రంగు పొట్లమునకు 125 రూపాయలా? మిగిలినది నీ కొంగున ముడివేసితివి" అనిరి. ఆ పిల్ల కన్నీటితో మా యింటికి వచ్చినది.

అదే వారమున అదే యంగడి నుండి ఆమె భర్త తెచ్చిన రెండు చీట్లు దొరికినవి. మొదటిది: మూడు బస్తాలు, రెండు పొట్లములు, 870 రూపాయలు. రెండవది: రెండు బస్తాలు, అయిదు పొట్లములు, 745 రూపాయలు. విడి వెలలు రెంటిలోను లేవు.

తెలియని వెలలు రెండు, తెలిసిన మాటలు రెండు. ఇంతకు మించి యక్కరలేదు. పొట్లముల సంఖ్య రెంటను సమానమగునట్లు మొదటి చీటిని అయిదింతలు, రెండవదానిని రెండింతలు చేసితిమి.

15 బస్తాలు, 10 పొట్లములు: 4,350
4 బస్తాలు, 10 పొట్లములు: 1,490

పైదానినుండి క్రిందిది తీసివేయగా పొట్లములు తొలగిపోయి, 11 బస్తాలకు 2,860 రూపాయలు నిలిచినవి. బస్తా 260. మూడు బస్తాలకు 780 పోగా, మొదటి చీటిలో మిగిలిన 90 రెండు పొట్లముల వెల. పొట్లము 45. రెండవ చీటిలో సరిచూడగా 520, 225 కలిసి 745 అయినది.

ఇక కోడలి లెక్క: నాలుగు బస్తాలకు 1,040, పొట్లమునకు 45, వెరసి 1,085. పైసా తేడా లేదు!

అత్తగారు కాగితమును రెండుమారులు చదువుకొని మాటాడక వెడలిరి. మరునాటి నుండి యింటి పద్దుపుస్తకము కోడలి చేతనున్నది.

రెండు జాగ్రత్తలు చెప్పవలెను. వెలలు మారిన దినముల చీట్లను కలుపరాదు. ఒక చీటి రెండవదానికి సరిగా రెండింతలైనచో క్రొత్త మాట యేమియు చెప్పదు, లెక్క తెగదు.

ఈ విద్య పరాయిది కాదు. మన పూర్వులు తెలియని రాశులను కాలకము, నీలకము అని రంగుల పేర్లతో వ్యవహరించిరి. 9వ శతాబ్దివాడగు మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మహావీరుని లెక్క యొకటి మీకు విడుచుచున్నాము: తొమ్మిది మాదీఫలములు, ఏడు వెలగపండ్లు కలిసి 107 నాణెములు, ఏడు మాదీఫలములు, తొమ్మిది వెలగపండ్లు కలిసి 101. ఒక్కొక్క పండు వెల యెంత? హెచ్చవేయ బనిలేదు. రెండు మాటలను ఒకమారు కూడి, ఒకమారు తీసివేసి చూడుడు. పొయ్యిమీద పాలు పొంగకమునుపే విడిపోవును.