గోడ ఆవలి ఐవీ

హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం. ఒకరి చీర ఒకరం కట్టుకున్నాం, ఒకే క్యారేజీలో తిన్నాం. పెళ్లిళ్లయ్యాక తలో దిక్కు అయిపోయాం. ఇప్పుడు ఫోన్లో పుట్టినరోజు శుభాకాంక్షలే మిగిలాయి. ఆల్ఫా కప్పా ఆల్ఫా కథ చదువుతుంటే ఆ బాధ మళ్లీ కదిలింది.

1908 జనవరి 15న వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో ఎథెల్ హెడ్జ్‌మన్ చొరవతో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్న సంఘమది. కాలేజీ ఆడపిల్లల ఇలాంటి సంఘాన్ని అమెరికాలో సొరోరిటీ అంటారు. లాటిన్‌లో సొరోర్ అంటే తోడబుట్టిన ఆడపిల్ల. గ్రీకు అక్షరాల పేరుతో నల్లజాతి మహిళలు పెట్టుకున్న సొరోరిటీల్లో ఇదే మొదటిది. బానిసత్వం పోయి అప్పటికి 43 ఏళ్లే.

1913లో సంఘాన్ని చట్టప్రకారం నమోదు చేయించారు. ఆ ఏడాదే 22 మంది వేరుపడి డెల్టా సిగ్మా థీటా పెట్టుకున్నారు. మార్చి 3న వాషింగ్టన్ వీధుల్లో ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. అక్కచెల్లెళ్లన్నాక వేరు కాపురాలూ ఉంటాయి మరి.

నన్ను కదిలించింది మాత్రం 1935 నాటి వేసవి. డాక్టర్ డొరతీ ఫెరెబీ ఆధ్వర్యంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా సభ్యురాళ్లు మిసిసిపీలో హోమ్స్ కౌంటీకి వెళ్లారు. అక్కడ పత్తిచేలల్లో పంట పాలుకు చేసుకునే నల్ల కుటుంబాలకు వైద్యమంటేనే తెలియదు. ఆసుపత్రి శిబిరం తెరిస్తే, కూలీలను చేను దాటి రానివ్వలేదు దొరలు. ఈ ఆడవాళ్లు వెనక్కి తిరగలేదు. తమ కార్లనే ఆసుపత్రి చేసుకుని చేల దగ్గరకే పోయారు. పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు. ఆ తర్వాతి వేసవుల్లోనూ మళ్లీ వెళ్లారు. కాలేజీ వదిలి ఏళ్లయిన ఉద్యోగస్థులు, టీచర్లు, నర్సులు!

మాకు లేనిది అదే. మా మధ్య ప్రేమకు కొదవలేదు, కలిసి చేయాల్సిన పనే లేదు.

చదువూ డబ్బూ ఉన్నవాళ్లకే ఈ సంఘాల తలుపు తెరుచుకుంటుందన్న విమర్శ పాతదే. అందులో నిజముంది, దాన్ని దాటవేయను. అయినా ఆ తలుపు లోపల చేయీచేయీ పట్టుకున్నవాళ్లు ముసలివాళ్లయినా వదలరు. 1986లో హోవార్డ్‌లో చదువుతూ ఈ సంఘంలో చేరిన కమలా హారిస్ అమెరికా ఉపాధ్యక్షురాలయ్యాక కూడా వాళ్ల మనిషే. సభ్యురాలు పోయినప్పుడు తోటివాళ్లు జరిపే వీడ్కోలు క్రతువుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘గోడ ఆవలి ఐవీ’. ఐవీ వాళ్ల సంఘం గుర్తుగా నిలిచిన తీగ. గోడకు అటూ ఇటూ అదే తీగ.